దుక్కికా? బండకా?



ఈ నెల శీర్షిక చూచి, "అయ్యగారు మెకానిక్ పని మొదలుపెట్టారా?" అని కొందరు నవ్వవచ్చును. కాని ఈ మధ్య మేము దర్శించిన ఇండ్లలో పెండ్లి సంబంధముల తరువాత ఎక్కువగా వినబడిన మాట ఇదే. కుమారుడు స్పోర్ట్స్ బైకు కావాలంటాడు. తండ్రి వద్దంటాడు. తల్లి ఇద్దరి నడుమ నలిగిపోతుంది. చివరకు ముగ్గురును కలిసి సేవకుని తీర్పు అడుగుతారు.

గిద్దలూరు దగ్గర ఒక గ్రామములో అట్టి కుటుంబము ఒకటి ఉన్నది. తండ్రికి రెండెకరముల కంది చేను, రెండు గేదెలు. కుమారుడు హైదరాబాదులో ఏ.సి. మెషిన్లు బిగించు పని నేర్చుకొని, ఇక ఊరిలోనే ఉండి గిద్దలూరు, కంభం, మార్కాపురము తిరిగి పని చేసుకోవాలని వచ్చాడు. బండి లేనిదే ఆ పని జరగదు. కొంత సొమ్ము దాచుకున్నాడు, మిగిలినది ఫైనాన్సు. కూటము ముగిసిన తరువాత మూడు కాగితములు మా ముందు పరిచాడు. ఒకటి యమహా ఆర్‌15. రెండవది బుల్లెట్ 350. మూడవది తండ్రి పోరు పడలేక తెచ్చిన హోండా యూనికార్న్.

"హార్స్‌పవర్ చూడండి అయ్యగారూ. ఆర్‌15కి పద్దెనిమిది, బుల్లెట్‌కు ఇరవై, దీనికి పదమూడే. డబ్బు పెట్టేటప్పుడు బలమున్న ఇంజను తీసుకోవాలి గదా?" అన్నాడు.

మాట సబబుగానే తోచును. కాని ప్రతి కాగితములో హార్స్‌పవర్ క్రింద మరియొక వరుస ఉంటుంది. దాని పేరు టార్క్. మన భాషలో చెప్పాలంటే లాగుడు. హార్స్‌పవర్ అనగా ఆ లాగుడును ఇంజను తిరుగు వేగముతో హెచ్చించగా వచ్చు లెక్క. కనుక లాగుడు తక్కువైనను, ఇంజనును మిక్కిలి వేగముగా త్రిప్పితే హార్స్‌పవర్ అంకె పెద్దదిగా కనబడును. ఆ లాగుడు ఎన్ని చుట్ల దగ్గర దొరుకుతుందో కూడ ప్రక్కనే అచ్చు వేస్తారు. మనవారు చూడనిది అదే.

ముగ్గురమును కూర్చుండి ఆ వరుసలు చదివాము. ఆర్‌15 ఇంజను 155 సి.సి. దాని 18 హార్స్‌పవర్ రావాలంటే ఇంజను నిమిషమునకు 10,000 చుట్లు తిరగాలి. లాగుడు 14.2 న్యూటన్ మీటర్లు, అది 7,500 చుట్ల దగ్గర. యూనికార్న్ 2025 నమూనా 163 సి.సి. లాగుడు 14.58, అది 5,250 చుట్లకే. బుల్లెట్ 349 సి.సి. లాగుడు 27, అది 4,000 చుట్లకే. అనగా ఆర్‌15కును యూనికార్న్‌కును లాగుడు ఇంచుమించు సమానమే. ఒకటి పరుగెత్తిస్తేనే ఇస్తుంది, మరియొకటి నడకలోనే ఇస్తుంది.

ఇది లోపము కాదు, కట్టిన తీరు. ఆర్‌15లో ఒక్క సిలిండరుకు నాలుగు వాల్వులు, చల్లబరచుటకు రేడియేటరు నీరు, వేగముగా త్రిప్పుటకు తగిన ఏర్పాట్లు ఉన్నవి. బుల్లెట్‌లో రెండే వాల్వులు, కాని పిస్టను వెడల్పు 72 మిల్లీమీటర్లైతే అది పైకి క్రిందికి తిరుగు దూరము 85.8. ఇట్టి పొడుగు స్ట్రోకు ఇంజను మెల్లగా తిరుగుచునే బరువు లాగుటకు అనువైనది. ఆర్‌15 ఇంజను తన పూర్తి గుణము చూపు చోటు మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు వంటిది. మన దిగువమెట్ట ఘాటులో లారీ వెనుక, ఇద్దరు మనుషులతో, పనిముట్ల సంచితో ఎక్కునప్పుడు ఇంజను అంత వేగమునకు చేరదు. గేరు తగ్గించి గట్టిగా త్రిప్పుచు పోవాలి.

తండ్రి అంతవరకు మాటలాడలేదు. అప్పుడు నవ్వి, "ఇది మన ఎద్దుల బేరమే గదా అయ్యగారూ! సంతలో మా నాయన ఎద్దును చూడకముందే, దుక్కికా బండకా అని అడిగేవాడు. బండలాగుడు పందెపు ఎద్దు చెడ్డదని కాదు. దాన్ని తెచ్చి అరకకు కడితే అదీ చెడుద్ది, మనమూ చెడతాం" అన్నాడు. మేము అరగంట చెప్పినది ఆయన రెండు మాటలలో తేల్చాడు.

మేము ఇంత శ్రద్ధగా ఈ కాగితములు ఎందుకు చదివామో ఇక్కడ ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో 22 ఏండ్ల బిడ్డ క్రొత్త బండి కొన్నాడు. ప్రార్థన చేసి తాళము చేతిలో పెట్టినది మేమే. ఏ ఇంజను, ఏ దారి, కంతు ఎంత, హెల్మెట్ ఉన్నదా అని ఒక్క మాట అడుగలేదు. స్వీటు తిని ఇంటికి వచ్చాము. అయిదు నెలలు తిరుగకముందే, రాత్రి వేళ రోడ్డు మీద నూర్చుటకు వేసిన కంది కట్టె మీద ఆ బండి జారినది. హెల్మెట్ ట్యాంకు మీద ఉన్నది. తప్పు బండిది కాదు గనుక దాని పేరు చెప్పము. భూస్థాపన కూటము కూడ మేమే జరిపించాము. ఆ తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. మిగిలిన కంతులు మాత్రము కూలి చేసి కట్టినది. ఆ దినము నుండి ఎవరైనను బండి ప్రార్థనకు పిలిస్తే, కొనకముందే పిలువుడని చెప్పుచున్నాము.

యౌవనస్థులారా, ఒక్క లెక్క మనస్సులో ఉంచుకొనుడి. వేగము రెండింతలైతే, బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు కావలసిన దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. గంటకు 80 కిలోమీటర్ల వేగములో పోవువాడు, గేదెను చూచి బ్రేకు మీద చేయి వేయుటకు పట్టు ఒక్క సెకనులోనే 22 మీటర్లు పోవును. ఇంజను ఎంత బలమైనదైనను ఆ 22 మీటర్లను వెనుకకు తేలేదు.

మరుసటి సోమవారము నలుగురము మార్కాపురము వెళ్లాము. తల్లి రానన్నది. "నాకేం తెలుసయ్యా బండ్ల సంగతి?" అన్నది. వెనుక కూర్చునేది నీవే గదమ్మా, రావాలని మేమే పిలిచాము. మన ప్రాంతపు ఫ్లోరైడు నీళ్లు ఎన్నో మోకాళ్లను పట్టేసినవి. ఈ తల్లివి కూడ అంతే. ఆస్పత్రికి, సంతకు, ఆదివారము ఆరాధనకు ఆమె పోవలసినది ఈ బండి మీదనే.

ఆర్‌15 వెనుక సీటు ఎత్తుగా, చిన్నదిగా ఉన్నది. ఆమె ఒక చేతితో కుమారుని భుజము పట్టుకొని కాలు ఎత్తబోయినది. కాలు లేవలేదు. మరల ప్రయత్నించి, "పోనీలే నాయనా, నేను ఆటోలో పోతాలే. నీకు నచ్చింది తీసుకో" అన్నది. ఆ బిడ్డ ముఖము దించుకున్నాడు. మూడు నెలలుగా వీడియోలలో ఆ బండిని చూచిన వాడు, వెనుక సీటును అప్పుడే మొదటిసారి చూచాడు.

తరువాత బుల్లెట్. సీటు ఆమెకు బాగుగానే ఉన్నది. కాని దాని బరువు 195 కిలోలు. తండ్రి దానిని వెనుకకు త్రోయబోయి, "నువ్వు లేనప్పుడు పాలు పోయడానికి నేను దీన్ని కదిలించలేన్రా" అన్నాడు. ఇంటిలో ఇద్దరు గట్టి మనుషులున్న మరియొక కుటుంబమునకు అదే తగినది కావచ్చును. వీరికి కాదు. యూనికార్న్ మీద తల్లి కొంచెము కష్టముతో ఎక్కి కూర్చున్నది. తండ్రి త్రోయగలిగాడు. పనిముట్ల సంచి పట్టినది.

బేరము ఎవరమును చెప్పలేదు. కుమారుడే, "ఇది వ్రాయండి" అన్నాడు. బయటికి వచ్చునప్పుడు ఒకసారి వెనుదిరిగి ఆర్‌15 వైపు చూచాడు. ఆ చూపును మేము తప్పు పట్టలేదు. ఆశ కలుగుట పాపము కాదు.

కొనబోవువారి కొరకు మరి కొన్ని సంగతులు. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. దాటిన ప్రతి క్రొత్త బండికి ఏ.బి.ఎస్. బ్రేకు తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు పట్టినను చక్రము బిగిసి జారిపోకుండ అది కాపాడును. పెద్ద ఇంజనుతో ఖర్చు కూడ పెరుగును. 2022 జూన్ రేట్ల ప్రకారము అయిదేండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 75 దాటి 150 సి.సి. వరకు 3,851 రూపాయలైతే, 150 దాటి 350 వరకు 7,365. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు జి.యస్.టి. 18 శాతము, ఆపైన 40 శాతము. ఫైనాన్సువారు "ఫ్లాట్ పది శాతము" అంటే, లక్ష రూపాయలకు మూడేండ్లు నెలకు సుమారు 3,611. తగ్గుచుండు అసలు మీద లెక్కించితే అది 18 శాతము వడ్డీతో సమానము. గోపురము కట్టువాని లెక్కను గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలిసినదే గదా.

తండ్రులారా, బండి వద్దని కోపపడుటకు ముందు కుమారునితో కూర్చుండి ఆ కాగితము చదువుడి. కుమారులారా, ఎంత వేగము పోవును అని అడుగుటకు ముందు, ఏ దారిలో, ఏ బరువుతో, వెనుక ఎవరిని కూర్చుండబెట్టుకొని అని అడుగుడి. ఈ మూడింటికి జవాబు దొరికితే ఇంజను దానంతట అదే తేలును.

ఆ బండికి ప్రార్థన చేసిన దినమున తల్లి వెనుక కూర్చున్నది. కుమారుని తల మీద హెల్మెట్ ఉన్నది. ఆమె తల మీద కూడ ఒకటి ఉన్నది. కొత్త గనుక అది ప్రక్కకు ఒరిగియున్నది. కుమారుడు దిగి దాని పట్టీ సరిచేసి, మరల ఎక్కి మెల్లగా కదలించాడు.