ఏప్రిల్ అంకె చూసి విత్తనం వేయొద్దు

షాంటిలీ (వర్జీనియా): ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడి మనవాళ్ల ఫోన్లలో ఒకటే మాట, "ఈసారి వానలెట్లా ఉంటాయట?" భారత వాతావరణ శాఖ తొలి అంచనా ఆ నెలలోనే వస్తుంది. అందులో 100 శాతం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశం మొత్తం సగటు, దాదాపు 87 సెంటీమీటర్లు. అది మన ఊరి లెక్క కాదు.

2009లో 96 శాతం అన్నారు, కురిసింది 78. అదే కరువు ఏడాది అక్టోబర్ మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది.

2012లో మొదలైన మాన్సూన్ మిషన్‌తో అంచనాలకు కొత్త బలం వచ్చింది. అందులో పుణె శాస్త్రవేత్తలు మెరుగుపరిచిన కంప్యూటర్ మోడల్ మూలం అమెరికాదే. మనకు పొటోమాక్ అవతల, మేరీల్యాండ్‌లోని ప్రభుత్వ కేంద్రంలో తయారైంది. 2025లో అంచనా 105 శాతమైతే, కురిసింది 108.

అయినా తొలకరి తర్వాత రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే పత్తి మొలక మాడిపోతుంది. సగటు అంకె ఆ సంగతి చెప్పదు. కాబట్టి విత్తనాలకు డబ్బు పంపేవాళ్లు ఇంట్లోవాళ్లను తొందరపెట్టకండి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా చూసి, నేల బాగా పదునయ్యాకే విత్తమనండి.