అవ్వ అనే మాట 12 బైట్లు

పోయిన నెల మా అక్క కొడుక్కి ల్యాప్‌టాప్ కొనిద్దామని కోయంబత్తూరు గాంధీపురంలో ఒక అంగడికి వెళ్లాను. “మెమరీ ఎంత?” అంటే, “ఐదొందల పన్నెండు సార్” అన్నాడు కుర్రాడు. నేనడిగింది ర్యామ్, అతను చెప్పింది డిస్కు. ఇంటికొచ్చి పెట్టె విప్పాక తెలిసింది, ర్యామ్ 4 జీబీ. బ్రౌజరూ, క్లాసు వీడియో కలిపి తెరిస్తే చాలు, మిట్ట ఎక్కలేని బండెద్దులా నిలబడిపోతుంది. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. రెండు వేరు సరుకులను ఒకే పేరుతో పిలిచే మన వాడుకే ముంచింది.

ర్యామ్ అంటే నోటిలెక్క. పని జరుగుతున్నంతసేపూ అంకెలు నాలుక మీద ఆడుతుంటాయి, కరెంటు పోయిందంటే అన్నీ మాయం. డిస్కు చిట్టా పుస్తకం. రాత్రి రాసింది తెల్లారి తెరిచినా ఉంటుంది. నోటిలెక్కకు చోటు చాలకపోతే యంత్రం మాటిమాటికీ చిట్టా తిరగేస్తుంది, ఆ నత్తనడక అందుకే. కాబట్టి అంగడిలో మెమరీ అనే మాటే ఎత్తకండి. ర్యామ్ ఎంత, తర్వాత పెంచుకోవచ్చా లేక బోర్డుకే అతికించేశారా, డిస్కు హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డీనా అని విడివిడిగా అడగండి. ప్రాసెసర్ గొప్పలు ఆ తర్వాత తీరిగ్గా వినొచ్చు.

హార్డ్ డిస్కు గురించి కోయంబత్తూరు వాళ్లకు నేను చెప్పాలా? 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి కరెంటు మోటారు తయారుచేసిన ఊరిది. హార్డ్ డిస్కు లోపలున్నదీ ఒక చిన్న మోటారే. దాని ఇరుసునూ నూలు మిల్లులో మాదిరే స్పిండిల్ అంటారు. నిమిషానికి 5,400 చుట్లో 7,200 చుట్లో తిరుగుతుంది. నూలు వడికే కదురు ఇంతకంటే వేగమే అనుకోండి. కానీ బేరింగు అరిగిన చప్పుడును మిల్లు మనిషి చెవి పసిగట్టినంత తొందరగా ఇంకెవరి చెవీ పట్టదు. డిస్కు టిక్కుటిక్కుమందా, ఆ రాత్రే నకలు తీసుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదంటూ ఏమీ లేదు, కంటికి ఆనని గదుల్లో విద్యుదావేశాన్ని బంధించడమే దాని రాత. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కొత్తది కొనే ఆలోచన రెండేళ్లు వాయిదా పడుతుంది.

1 టీబీ డిస్కు కొంటే కంప్యూటరు 931 జీబీ అని చూపిస్తుంది. దానికీ అంగడివాడితో తగవే. వాడు కొట్టేసిందేమీ లేదు. తయారుచేసినవాడు వెయ్యి చొప్పున కొలుస్తాడు, విండోస్ 1,024 చొప్పున కొలుస్తుంది. బియ్యం అవే, పడి వేరు.

మదురలో మా పెద్దమ్మ వాళ్ల వీధి మొత్తం నాకు ర్యామ్‌లా కనిపిస్తుంది. నాయకుల కాలం నుంచీ ఉన్న ఇళ్లు. తెలుగు నోట ఉంది, చేత లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పెళ్లి పత్రిక తమిళంలో వేస్తారు. ఆ మదుర నాయక రాజుల్లో ఒకడైన విజయరంగ చొక్కనాథుడి (1706–1732) కొలువులో సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. అలాంటివి రాసిన తాటాకేమీ చిరంజీవి కాదు. అది చివికేలోగా ఇంకో ఆకు మీదికి ఎక్కించే లేఖకుడు ఉంటేనే కావ్యం దక్కుతుంది.

నేను ఆ పని చేయలేదు. పదేళ్ల కిందట మా అవ్వ పాడిన పెళ్లిపాటలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచాను. భద్రంగా దాచానన్న ధీమాతో ఒక్కసారీ తీసి చూడలేదు. మొన్న గుచ్చితే, “ఫార్మాట్ చేయమంటారా?” అని అడిగింది. అందులోనూ రాత అంటే విద్యుదావేశమే. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే కారిపోవచ్చు. అవ్వ లేదు, పాటా లేదు.

ఇప్పుడు లెక్క వేసుకుంటే సిగ్గేస్తోంది. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకు 3 బైట్లు. “అవ్వ”లో నాలుగు గుర్తులు: అ, వ, పొల్లు, మళ్లీ వ. మొత్తం 12 బైట్లు. గంటసేపటి మాటలు మామూలు ఎంపీ3లో 60 ఎంబీ లోపే పడతాయి. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో రెండొందల గంటలు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. చోటు లేక పోయినవి కావు ఆ పాటలు.

పోయిన ఆదివారం మదుర వెళ్లి పెద్దమ్మను అరుగు మీద కూర్చోబెట్టి ఫోను ఆన్ చేశాను. నలభై నిమిషాలు పాడింది. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా పడింది, తీసేయలేదు.

“ఇది యాడికి పోతుంది నాయనా?” అంది.

“మూడు చోట్లకి పెద్దమ్మా. మా ఇంట్లో డిస్కు మీద ఒకటి, అక్క దగ్గర ఒకటి, క్లౌడ్‌లో ఒకటి.”

“అయితే ఇంకా రెండుసార్లు పాడాల్నా?” అంటూ గొంతు సవరించుకుంది.