తొంభై తొమ్మిదా... నూరా?

"ఎప్పుడూ మీ హౌగాంగ్ బ్లాకు కింద కాఫీ షాపు కబుర్లేనా, ఈసారి కాస్త దూరం తీసుకెళ్ళండి" అని కొందరు మిత్రులు ముద్దుగా కోప్పడ్డారు. సరే, ఈసారి ఏకంగా మధ్యధరా సముద్ర తీరానికే ప్రయాణం. అదీ గోల్ఫ్ ఆడటానికి! ఆట తెలియనివాళ్ళు కంగారుపడి పేజీ తిప్పెయ్యకండి. ఆడేవాడికే అంతంతమాత్రం వచ్చు.

ముందు హౌగాంగ్ సంగతి. ఒకప్పుడు కూరగాయల తోటలు, పందుల పెంపకాలు ఉన్న ఊరు ఇప్పుడు ఎటు చూసినా ఫ్లాట్లే. నాలుగడుగుల పచ్చిక దొరికితే పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటారు తప్ప, అక్కడ గోల్ఫ్ కర్ర తిప్పితే పోలీసులొస్తారు. అందుకని నా అభ్యాసమంతా హాల్లో తివాచీ మీదే. ఒక చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టి, రెండో చివర నుంచి బంతిని మెల్లగా అందులోకి తోయడం. ఆ గ్లాసు తనకు కాఫీకి అక్కరకు రాకుండా పోయిందని మా ఆవిడకు ఇప్పటికీ కోపమే.

2006లో, ఆఫీసులో పక్క సీటాయన పుణ్యమా అని, ఈ వ్యసనం పట్టుకుంది. సింగపూరులో కారు నడపడానికి లైసెన్సు కావాలన్నట్టే, మైదానంలో అడుగుపెట్టడానికి ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ కావాలి. నియమాల మీద రాత పరీక్ష, ఆ తర్వాత ఆడి చూపించే పరీక్ష. రాత పరీక్ష మొదటిసారే గట్టెక్కాను. రెండోదాని గురించి అడక్కండి.

క్లబ్బు సభ్యత్వం కొనే స్తోమత లేని నాబోటివాళ్ళకు మెరీనా బే గోల్ఫ్ కోర్సు పెద్ద దిక్కు. డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోగల పద్దెనిమిది హోళ్ళ మైదానం. సాధారణంగా గోల్ఫ్‌లో ఒక హోలు పూర్తిచెయ్యడానికి మూడు, నాలుగు లేదా అయిదు దెబ్బలు లెక్క కడతారు. అక్కడ ఒక హోలుకు ఆరు దెబ్బల లెక్క ఉండేది. నాకు తొమ్మిది పట్టేది. ఆ కోర్సు లీజు ముగిసి 2024 జూన్ 30న మూతపడింది. ఈ చిన్న దీవిలో ఇళ్ళకు నేల కావాలంటే ఆటస్థలాలు చోటివ్వక తప్పదు. నేనుండే ఫ్లాటూ ఒకప్పుడు ఎవరి తోటో కదా! అందుకని గట్టిగా ఏడవడానికీ మొహం చెల్లలేదు.

అక్కడ నా అత్యుత్తమ స్కోరు నూట ఒకటి. గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బలైతే అంత గొప్ప. మంచి ఆటగాడు డెబ్భై రెండుతో ముగించే చోట నూరు లోపు రావడమే నా జీవితాశయం. అది తీరకుండానే కోర్సు మూతపడింది.

పోయిన అక్టోబరులో మా పెళ్ళై ముప్పై ఏళ్ళయిన సందర్భంగా టర్కీ వెళ్ళాం. ఇస్తాంబుల్ చూసుకుని విమానంలో అంటాల్యా, అక్కడి నుంచి అరగంట కారులో వెళితే బెలెక్. ఒకవైపు సముద్రం, వెనక టారస్ కొండలు, మధ్యలో పైన్ చెట్ల నీడన వరసగా రిసార్టులు, పదికి పైగా గోల్ఫ్ కోర్సులు. "ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ ఆడతానంటే కుదరదు. ఒక్కటంటే ఒక్క ఆట. అదీ నేను పక్కనుండగా! ఇన్నేళ్ళ ఆదివారాలు ఏం చేశారో నా కళ్ళతో చూడాలి" అని మా ఆవిడ షరతు.

ఒక్కటే అన్నప్పుడు మామూలుది ఎందుకని కార్యా కోర్సు ఎంచుకున్నాను. బ్రిటిష్ ఓపెన్ అయిదుసార్లు గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ కంపెనీ రూపకల్పన చేసింది. 2008లో మొదలైంది. ఆయన మన ఇండియన్ ఓపెన్ కూడా మూడుసార్లు గెలిచాడు. టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఓపెన్ 2016 నుంచి 2018 వరకు ఇక్కడే జరిగింది. 2018లో జస్టిన్ రోజ్ ప్లేఆఫ్‌లో చైనా కుర్రాడు లీ హావ్‌టోంగ్‌ను ఓడించి ప్రపంచంలో మొదటి స్థానం తిరిగి దక్కించుకున్నది ఇక్కడి చివరి హోలు దగ్గరే. అన్నట్టు, పద్దెనిమిది హోళ్ళకూ ఫ్లడ్‌లైట్లున్నాయి. పొద్దున్నే ఆస్పెండోస్‌లో రోమన్ల కాలపు నాటకశాల మెట్లన్నీ ఎక్కి దిగి, సాయంత్రం నాలుక్కి మొదలుపెట్టాం. నేను ఆడటం, ఆవిడ బగ్గీలో పక్క సీటులో కూర్చుని స్కోర్‌కార్డు రాయడం.

సింగపూరులో ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, మధ్యలో పిడుగుల సైరన్ మోగితే పరుగెత్తాలి. ఇక్కడ పొడి గాలి, పైన్ వాసన. ఫెయిర్‌వే కింద ఇసుక నేల కావడంతో బంతి పడ్డాక కూడా బాగా దొర్లుతుంది. కానీ దారి తప్పితే మాత్రం హెదర్ పొదలు కాచుకుని ఉంటాయి. బంతి అందులో పడితే మన పల్లేరు పొదలో రూపాయి పడ్డట్టే.

ఆ రోజు నా చెయ్యి ఎందుకో చెప్పిన మాట వింది. చీకటి పడింది, లైట్లు వెలిగాయి, చెట్ల నీడలు పచ్చిక మీద పొడుగ్గా పడ్డాయి. పదిహేడు హోళ్ళు ముగిసేసరికి మా ఆవిడ కూడిక తొంభై మూడు. చివరి హోలు ఆరు దెబ్బల్లో ముగిస్తే తొంభై తొమ్మిది! గుండె దడదడ.

మొదటి దెబ్బే చెట్లలోకి పోయింది. వెతికితే పైన్ సూదుల మధ్య బంతి కనిపించింది. కొట్టడానికి అడ్డంగా ఉన్న ఎండు సూదుల్ని మెల్లగా తీస్తున్నాను. బంతి కదిలింది. అంగుళం కూడా కాదు, అర అంగుళం. మాతో ఆడుతున్న జర్మన్ దంపతులు అవతలి వైపు వాళ్ళ బంతి వెతుక్కుంటున్నారు. చూసింది నేను, బగ్గీలోంచి మా ఆవిడ, అంతే.

2019లో మార్చిన నియమాల ప్రకారం వెతుకుతున్నప్పుడు పొరపాటున కదిలితే శిక్ష లేదు. దొరికాక, అడ్డం తీస్తూ కదిపితే మాత్రం ఒక దెబ్బ కలుపుకుని, బంతిని మళ్ళీ మొదటి చోట పెట్టాలి. 1925 అమెరికా ఓపెన్‌లో బాబీ జోన్స్ ఇలాగే, ఎవరూ చూడని కదలికకు తన మీద తానే దెబ్బ వేసుకున్నాడు. ఆ ఒక్కటీ లేకుంటే నేరుగా గెలిచేవాడు. ప్లేఆఫ్‌కు వెళ్ళి ఓడిపోయాడు. ఆయనకు కప్పు పోయింది, నాకు పోయేది ఒక అంకె. అయినా ఆ అర నిమిషం నాకెంత పొడుగ్గా అనిపించిందో చెప్పలేను.

"ఒకటి కలుపు" అన్నాను.

"ఎందుకండీ? అది నిజంగా కదిలిందా ఏమిటి?"

"కదిలింది. నువ్వూ చూశావు."

ఆవిడ మాట్లాడకుండా రాసింది. అక్కడి నుంచి ఒక దెబ్బలో బయటికొచ్చి, ఇంకో రెండిట్లో గ్రీన్ చేరి, రెండు పుట్‌లతో ముగించాను. ఏడు. మొత్తం నూరు. జర్మన్ ఆయన చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు. నేను కాస్త గర్వంగానే మా ఆవిడ వైపు చూశాను. ఇన్నేళ్ళకు ఈ ఆట గొప్పదనం అర్థమై ఉంటుంది కదా అని.

బగ్గీ వెనక్కి వెళ్తుండగా అంది: "ఎవరూ చూడని దెబ్బను కూడా లెక్క రాయించారు, బాగుంది. మరి 'పదకొండింటికల్లా ఇంట్లో ఉంటా' అని వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి వచ్చిన ఆదివారాలు ఏ కార్డులో రాశారండీ? అన్నం పెట్టుకుని కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే చూశాను కదా!"

కోపంగా అనలేదు. అదే బాధ. కోపంగా అనుంటే ట్రాఫిక్ మీదకో, వాన మీదకో నెట్టేసేవాణ్ణి.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. పద్దెనిమిదేళ్ళు, ఏడాదికి నలభై ఆదివారాలు, ఒక్కోసారి మూడు గంటల ఆలస్యం. రెండువేల నూట అరవై గంటలు. అంటే నిండా తొంభై రోజులు! మూడు నెలల పాటు రాత్రింబవళ్ళు ఒక మనిషిని గుమ్మం వైపు చూస్తూ కూర్చోబెట్టాను. కార్డు మీద మాత్రం ఒక్క దెబ్బ తప్పు రాయలేదు.

తిరిగొచ్చాక కార్యా స్కోర్‌కార్డును మా హౌగాంగ్ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించాను. దాని పక్కనే ఇంకో కాగితం. చెప్పిన టైము, వచ్చిన టైము, రెండు గడులు. ఇప్పుడు వారం విడిచి వారమే వెళ్తున్నాను. ప్రాక్టీసు రేంజ్‌కో, నలుగురం కలిస్తే జొహోర్‌కో. కాగితం నేనే నింపుతాను. పావుగంట దాటితే ఒక దెబ్బ శిక్ష, అంటే ఆ రాత్రి వంట, గిన్నెలు నావే.

మొన్నటి ఆదివారం చెప్పింది పదకొండు, వచ్చింది పదకొండూ ఇరవై. ఆవిడ స్నానానికెళ్ళింది, హాల్లో గడియారం తప్ప సాక్షి లేదు. పదకొండూ ఇరవై అనే రాశాను. ఆ రాత్రి పెసరట్లు పోసింది నేనే. మొదటి రెండూ పెనానికి అంటుకుపోయాయి.

నూరు లోపు రావడమంటారా? ఇంకా రాలేదు. తొందరేమీ లేదు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.