నలభై శాతం ఇల్లు

మా పిన్ని కూతురు ఇంగ్లండు నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఇల్లు కొంటున్నాను, నలభై శాతం" అంది. నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న పిన్ని చేయి ఆగిపోయింది. "నలభై శాతం ఇల్లేమిటే? వంటిల్లూ వరండానా?" అంది.

అందరం నవ్వాం. కానీ ఆ రాత్రి పిన్ని నిద్రపోలేదు. "హైదరాబాదులో అన్న మూడు పడగ్గదుల ఫ్లాటు పెట్టుకుని రమ్మంటుంటే, ఆ చలి దేశంలో ఒంటరిగా సగం కూడా కాని ఇల్లు కొనుక్కోవడం ఏం ఖర్మ? ఇటు అద్దే కాదు, అటు సొంతమూ కాదు" అని ఒకటే బాధ. నేను కూడా మొదట పిన్ని వైపే ఉన్నానని ఒప్పుకోవాలి. ఇప్పుడు లేను. ఎందుకు లేనో చెప్పడానికే ఇదంతా.

మా చెల్లి పెళ్ళయి వెళ్ళి ఇరవై ఏళ్ళు. అక్కడి పౌరురాలే. లీసెస్టర్ దగ్గర ఒక ఊళ్ళో మొగుడూ పెళ్ళాం అప్పు చేసి ఇల్లు కొన్నారు. కింద హాలు, వంటిల్లు. పైన పడగ్గదులు, బాత్రూం. అక్కడి ఇళ్ళు చాలావరకు అంతేనట. కాళ్ళు బాగున్నన్నాళ్ళు ఎవరికి పట్టింది? తర్వాత దానికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. నరాల జబ్బు. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు చెంచా కూడా పట్టుకోలేదు. మెల్లగా చక్రాల కుర్చీలోకి వచ్చింది.

రెండేళ్ళ కిందట నేను వెళ్ళి ఏడు వారాలు ఉన్నాను. ఆ ఇంట్లో పదమూడు మెట్లు. ఎందుకంత కచ్చితంగా గుర్తున్నాయంటే, అది రోజూ మెట్ల మీద కూర్చుని, వెనక్కి చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ పైకి జరుగుతుంటే నేను కింద నిలబడి లెక్కపెట్టేదాన్ని. పగలు మంచినీళ్ళు తాగేది కాదు. "ఎందుకే?" అంటే "తాగితే పైకెళ్ళాలిగా అక్కా" అంది. సొంతిల్లే. రిజిస్ట్రేషన్ కాగితంలో దాని పేరూ ఉంది. ఆ ఇంట్లో గ్లాసుడు నీళ్ళు తాగడానికి ఆలోచించుకునేది.

వికలాంగులు ఇల్లు మార్చి కట్టించుకోవడానికి ఇంగ్లండులో 30,000 పౌన్ల వరకు గ్రాంటు ఉంది, ఆదాయం చూసి ఇస్తారు. కౌన్సిల్ వాళ్ళు వచ్చి కొలతలు తీసుకున్నారు. మెట్లకి కుర్చీ లిఫ్టు బిగించవచ్చన్నారు. ఈలోగా కాపురమే నిలవలేదు. ఆ సంగతి ఇక్కడ రాయను, అది దాని కథ. ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, పంచుకుంటే దాని చేతికి 70,000 పౌన్లు వచ్చాయి. పదో తరగతి వయసు కొడుకు, ఇంటి నుంచే చేసే సగంపూట ఉద్యోగం, ఆ డబ్బు. అదీ దాని ఆస్తి.

అద్దెకి వెతికింది. ఒక ఇంటాయన బాత్రూం గోడకి పట్టుకునే కడ్డీ బిగించుకోవడానికి కూడా ఒప్పుకోలేదు, టైల్స్ పాడవుతాయని. చేతిలో అంత డబ్బున్నవాళ్ళకి కౌన్సిల్ ఇల్లు దొరకడం కష్టం. పూర్తిగా కొందామంటే, మెట్లు లేకుండా అంతా కిందనే ఉండే ఇల్లు, వాళ్ళు బంగళా అంటారు, రెండు గదులదే 2,80,000 పౌన్లు చెప్పారు. దాని జీతానికి బ్యాంకు అంత అప్పివ్వదు.

అప్పుడు తెలిసింది ఈ షేర్డ్ ఓనర్‌షిప్ గురించి. ఇంటి విలువలో మనకి చేతనైనంత భాగం కొనుక్కుంటాం. ఇప్పటి పద్ధతిలో 10 శాతం నుంచి 75 శాతం దాకా కొనవచ్చు. మిగతా భాగం హౌసింగ్ అసోసియేషన్ అనే సంస్థది. దాని భాగానికి మనం అద్దె కట్టాలి. మామూలుగా ఆ సంస్థలు తాము కట్టించిన కొత్త ఇళ్ళలోనే ఈ వాటాలు అమ్ముతాయి. వాటిలో చాలామటుకు ఫ్లాట్లు, లేదా మళ్ళీ మెట్ల ఇళ్ళే. దీర్ఘకాలిక వైకల్యం ఉన్నవాళ్ళకి మాత్రం 'హోల్డ్' అని వేరే దారి ఉంది. ఆ కొత్త ఇళ్ళేవీ మనకి పనికిరావని తేలితే, బయట బజారులో అమ్మకానికి ఉన్న ఇల్లు మనమే చూసుకోవచ్చు. సంస్థ దాన్ని కొని, అందులో వాటా మనకి అమ్ముతుంది. ఇంటిల్లిపాది ఆదాయం ఏడాదికి 80,000 పౌన్లు దాటకూడదు, లండన్‌లో అయితే 90,000. ఇప్పటికే ఇల్లున్నవాళ్ళు కూడా, అది తమకి పనికిరాక, సరిపడే ఇల్లు కొనలేని స్థితిలో ఉంటే అడగవచ్చు.

మా చెల్లి లెక్క ఇది. 2,80,000లో 40 శాతం అంటే 1,12,000. చేతిలో 70,000, బ్యాంకు అప్పు 42,000. మిగతా 1,68,000 మీద ఏడాదికి 2.75 శాతం అద్దె, అంటే నెలకి 385 పౌన్లు. ఆదాయం మరీ తగ్గిపోతే ఆ అద్దె భాగానికి ప్రభుత్వ సాయం అడిగే వీలుంది. బ్యాంకు వడ్డీకి ఇచ్చే సాయం మాత్రం 2018 నుంచి అప్పుగానే ఇస్తున్నారు, ఇల్లు అమ్మినప్పుడు పట్టుకుంటారు.

డబ్బు కలిసొస్తే తర్వాత వాటా పెంచుకోవచ్చు. దానికి వాళ్ళు పెట్టిన పేరేమిటో తెలుసా? స్టెయిర్‌కేసింగ్! మెట్లెక్కడం! ఆ మాట చెప్పి మా చెల్లి పడీపడీ నవ్వింది.

ఇదేదో అద్భుతమని నేననడం లేదు. ఇష్టం లేనివి చాలానే ఉన్నాయి. వాటా 40 శాతమే అయినా, దాని లీజు ప్రకారం పైకప్పు కారితే బాగుచేయించే ఖర్చు నూటికి నూరు దానిదే. గోడ తీయాలంటే సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అద్దె ఏటా ధరల సూచీతో పాటు పెరుగుతుంది, దాని జీతం పెరిగినా పెరగకపోయినా. హోల్డ్ కింద ఇళ్ళు ఇచ్చే సంస్థలే కొన్ని, ఆ పద్ధతికి అప్పిచ్చే బ్యాంకులు ఇంకా తక్కువ. ఎన్ని ఫోన్లు చేసిందో, ఎన్నిసార్లు జబ్బు కాగితాలు పంపిందో. జబ్బుతో అలసిపోయే మనిషికి ఇన్ని ఫారాలు పెట్టేవాళ్ళకి ఏ కాస్తయినా ఆలోచన ఉండొద్దా అనిపిస్తుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది 2007లో అక్కడి హైకోర్టు చెప్పిన తీర్పు. ఒకావిడ ఇలాగే సగం ఇల్లు కొనుక్కుంది. మిగతా సగానికి అద్దె బకాయి పడింది. చట్టం దృష్టిలో నువ్వు అద్దెదారువే అన్నారు. ఇల్లూ, దానితో పాటు ఆమె కొన్న సగమూ పోయాయి. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ఇలాంటి దీర్ఘకాలపు లీజులని ఆ కోవలోంచి తప్పించిందనుకోండి. కానీ అన్నేళ్ళు ఆ కత్తి ఎంతమంది తలమీద వేలాడిందో! అందుకే మా చెల్లితో "లాయరుతో ప్రతి పేజీ చదివించు, మొహమాటపడకు" అన్నాను. చదివించింది.

ఇన్ని చెప్పి, మరి నువ్వు దాని వైపు ఎలా వచ్చావంటారా? మా మేనత్త వల్ల.

మా మేనత్తకి చిన్నప్పుడే పోలియో. పెళ్ళి కాలేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది, పెళ్ళికాని కూతుళ్ళకి వర్తించేలా. అంటే అత్తకి వాటా ఉంది. "నిన్ను మేం చూసుకోమా?" అని అన్నదమ్ములు అడిగితే సంతకం పెట్టేసింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా నాన్నా వాళ్ళలో ఒకడే. నిజంగానే చూసుకున్నారు. నాలుగు నెలలు మా ఇంట్లో, నాలుగు నెలలు పెదనాన్న ఇంట్లో, నాలుగు నెలలు బాబాయి ఇంట్లో. ఆకుపచ్చ రేకుపెట్టె ఒకటి అత్తతో పాటు తిరిగేది. మా పెరట్లో బాత్రూంకి రెండు మెట్లుండేవి. అత్త ఎప్పుడూ వాటిని తీయించమని అడగలేదు. నాన్న తీయించాలనుకోలేదు. నాకు ఇప్పుడు నలభై ఆరేళ్ళు. ఆ రెండు మెట్ల మీద బొంత వేయి సిమెంటు పోసి వాలుగా చేయిస్తే ఎంతయ్యేది అని ఈ మధ్యే లెక్కవేశాను. అత్త లేదు.

అడగలేకపోవడమే అసలు సంగతి అనుకుంటాను. అన్న ఇంట్లో గది ఎంత పెద్దదైనా, గోడకి మేకు కొట్టాలంటే వదిన మొహం చూడాలి. మా చెల్లికి హైదరాబాదులో గది ఉంది, నిజమే. దాని కొడుకు చదువు, దాని ఉద్యోగం, దాని డాక్టర్లు అక్కడున్నారు. అవన్నీ వదులుకుని వస్తే, మిగిలిన జీవితం ఎవరో చూసుకునే మనిషిగా బతకాలి. అక్కడ 60 శాతం యజమాని ఒక సంస్థ. దానికి అద్దె పడేస్తే చాలు, మొహం చూడక్కర్లేదు.

మనకిక్కడ ఇలాంటి పద్ధతి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గృహ పథకాల్లో 5 శాతం వాళ్ళకి కేటాయించమంది, అందులోనూ ఆడవాళ్ళకి ముందు అని రాసింది. మంచిదే. కానీ మధ్యతరగతిలో, కాస్తో కూస్తో డబ్బుండి పూర్తి ఇల్లు కొనలేని మా అత్తలాంటి వాళ్ళ సంగతి? ఒంటరి ఆడది, అందులోనూ వైకల్యం ఉంటే, "ఇల్లెందుకు నీకు?" అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. మీ ఇళ్ళలో అలాంటి కూతురో చెల్లెలో ఉంటే, వాటా రాసివ్వమని కాగితం తెచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆ చేతిని పట్టుకుని ఆపండి. చూసుకునేవాళ్ళు ఎలాగూ చూసుకుంటారు, కాగితం లేకపోయినా.

చెల్లి పోయిన నెల ఇంట్లోకి చేరింది. వీడియోలో అంతా తిప్పి చూపించింది. వెడల్పు తలుపులు, కూర్చుని కలుపుకునేంత ఎత్తులో పొయ్యి గట్టు. చేతిలో పెద్ద గ్లాసుతో మంచినీళ్ళు. నేను దాన్నే చూస్తున్నాను. పిన్ని మాత్రం వీధి తలుపు దగ్గర మళ్ళీ మళ్ళీ ఆపి చూపించమంది. "గడప ఏదే?" అంది. చక్రాలకి అడ్డమని తీయించేసిందట, నేల సమంగా ఉంది.

"గడప లేని ఇల్లేమిటే? పసుపు ఎక్కడ రాస్తావు?"

"తలుపు పక్కన గోడకి రాస్తాలే అమ్మా. ఆ అరవై శాతం వాళ్ళేమీ అనరు."