జాంబీ రెడ్డి: అన్నం లేని విస్తరి

ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ విడుదలైంది 2021 ఫిబ్రవరి 5న. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు దాని మీద పడ్డావేంటి అంటారా? ఆఫీసు క్యాంటీన్లో దాని మాటొస్తే చాలు, "తెలుగులో మొదటి జాంబీ సినిమా బాసూ, ఆ మాత్రం మెచ్చుకోవద్దా" అనే జనాలు ఇంకా తగులుతూనే ఉన్నారు. అందుకన్నమాట. నా మటుకు నాకు అది చేతికొచ్చిన బంగారంలాంటి ఐడియాని నేలపాలు చేసుకున్న సినిమా. ఎందుకో చెప్తా, ఆ తర్వాత నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు :-)

కాలేజీ కుర్రాళ్ళని గురిపెట్టి తీసిన హారర్ కామెడీ ఇది. అంతవరకే అయితే గొడవే లేదు. హీరో వీడియో గేములు తయారుచేసేవాడు, గేములో బగ్గొచ్చింది. బాగుచేయగల స్నేహితుడేమో పెళ్ళికని కర్నూలు వైపు వెళ్ళాడు. వీళ్ళు కారెక్కి అక్కడికి బయల్దేరారు. దారిలో ఒకడిని జాంబీ కొరికింది. పెళ్ళింట్లో ఫ్యాక్షన్ పగలు. జాంబీలు ఎలా పుట్టాయంటే కరోనాకి మందు కనిపెట్టబోయి చేసిన ప్రయోగం వికటించడం వల్ల. చివరికి పరిష్కారం శివుడి గుడిలో. మధ్యలో పెళ్ళి సందడి, ప్రేమ, టీవీ స్కిట్ల బాపతు కామెడీ. గేము, కరోనా, హారర్, ఫ్యాక్షన్, ప్రేమ, కామెడీ, భక్తి... లెక్కపెట్టుకోండి, ఏడు!

మన భాషలో దీన్ని స్కోప్ క్రీప్ అంటారు. క్లయింటు ప్రతి సోమవారం ఫోన్ చేసి "ఇదొక్కటి కూడా కలపండి" అంటే, మేనేజరు ప్రతిసారీ తలూపితే, విడుదల రోజున ఏ మాడ్యూలూ ఇంకో మాడ్యూలుతో మాట్లాడదు. ఇక్కడా అదే. గేము ఎందుకుంది? హీరోని కారెక్కించడానికి. 2020లో పరిశ్రమ మొత్తం ఇళ్ళలోంచి పనిచేసింది, అలాంటిది బగ్గు కోసం కర్నూలు ప్రయాణం ఏంటని మనకి నవ్వొస్తుంది. సరే, దాన్ని క్షమించేద్దాం. కానీ ఊరు చేరాక ఆ గేముతో కథకి నిజమైన అవసరమే పోయిందే, దాన్నెలా క్షమించాలి?

అసలు బాధ అది కాదు. ఫ్యాక్షన్లో జాంబీలు అన్న ఆలోచన చూడండి. తాత పగ తండ్రికి, తండ్రి పగ కొడుక్కి. కొడుక్కి అవతలివాడి మీద సొంత కోపమేమీ ఉండదు, అయినా కత్తి పడతాడు. అంటుకుంది కాబట్టి. ఇది కాటు కాక మరేంటి? వేటకొడవలి పట్టుకున్న మనిషికీ జాంబీకీ పెద్ద తేడా లేదు అన్న మాట మీద సినిమా నిలబడి ఉంటే నవ్వూ భయమూ రెండూ దానంతటవే వచ్చేవి. టైటిల్లోనే ఆ సినిమా ఉంది. తెరమీదే లేదు. జాంబీలు ఒక వరస, ఫ్యాక్షనిస్టులు ఒక వరస, పక్కపక్కనే నడిచి ఎవరి ఫైటు వాళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు.

"మనవాళ్ళకి నవరసాలూ కావాలి, తెలుగు సినిమా అంటే విస్తరి భోజనం" అనే వాదన ఒకటుంది. ఒప్పుకుంటా. కానీ విస్తట్లో పప్పైనా, పులుసైనా, పెరుగైనా కలిసేది అన్నంలోనే. ‘ఆదిత్య 369’ (1991) తీసుకోండి. వజ్రం దొంగతనం, శ్రీకృష్ణదేవరాయల కాలం, భవిష్యత్తు, ప్రేమ, హాస్యం అన్నీ ఉన్నాయి. అన్నిటినీ మోసేది ఒకే టైమ్ మెషీన్. ‘మర్యాద రామన్న’ (2010) తీసుకోండి. ఫ్యాక్షన్నీ కామెడీనీ కలిపింది ఒక్క నియమం: ఇంటి గడప లోపల రక్తం చిందకూడదు. సునీల్ గడప దాటకుండా ఉండటానికి పడే పాట్లే కామెడీ, గడప అవతల కత్తులే భయం. అన్నం అంటే అది. జాంబీ రెడ్డి విస్తట్లో పదార్థాలన్నీ ఉన్నాయి, అన్నం వడ్డించడం మర్చిపోయారు.

"సరదా సినిమాకి లాజిక్కులేంటి" అంటారు ఇంకొందరు. లాజిక్కు సంగతి వదిలేయండి, మర్యాద సంగతి మాట్లాడదాం. మన దేశంలో కరోనా టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. మూడు వారాలు తిరక్కుండా ఈ సినిమా వచ్చింది. సూది వేయించుకోవాలా వద్దా అని ఇంటింటా భయపడుతున్న రోజులవి. ఆ భయాన్ని తీసుకుని ఏదో ఒకటి చెప్తే సంతోషించేవాణ్ణి, వెటకారమైనా సరే. ఏమీ చెప్పకుండా జాంబీలు పుట్టడానికి ఒక కారణం కావాలి కాబట్టి వాడేసుకుని వదిలేశారు. రాయలసీమదీ అదే గతి. ‘సమరసింహారెడ్డి’ (1999) నుంచి మొదలుపెట్టి మన సినిమావాళ్ళకి కర్నూలంటే సుమోలు, బాంబులు, మీసాలు. ఆ మూసని ఎగతాళి చేయడానికి జాంబీ కన్నా మంచి ఆయుధం దొరకదు. చేతిలో ఆయుధం పెట్టుకుని మళ్ళీ అవే మీసాలు చూపించారు. పోపులో వేసే కరివేపాకు అయిపోయింది సీమ.

అందుకే "మొదటి జాంబీ సినిమా" అన్న బిరుదు దగ్గర నాకు పేచీ. మొదటిది కాబట్టి మెచ్చుకోవాలంటే రెండోది బాగా తీయాల్సిన అవసరం ఎవరికుంటుంది? కొత్త ప్రయోగానికి మనం ఇవ్వాల్సింది టిక్కెట్టు డబ్బులు. అవి ఇచ్చాం, సినిమా బాగానే ఆడింది. మార్కులు వేరే లెక్క.

దర్శకుడికి చేతకాక అలా తీశాడని నేననను. అదే ప్రశాంత్ వర్మ, అదే తేజ సజ్జా 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ తీశారు. అందులోనూ పల్లెటూరు, కామెడీ, భక్తి, సూపర్ హీరో అన్నీ ఉన్నాయి. కానీ అన్నీ ఒక్క మణి చుట్టూ తిరిగాయి, జనం నీరాజనాలు పట్టారు. ఒక దారం ఉంటే ఎన్ని పూలైనా దండవుతాయని ఆయనే రుజువు చేశాడు. ఇక జాంబీ రెడ్డిని వెనకేసుకొచ్చేవాళ్ళే చెప్పాలి, అందులో ఆ దారం ఎక్కడుందో!