పీపీ గారి తక్కెడ

అనంతపురం యార్డులో శెనక్కాయల మూట తక్కెడెక్కగానే వ్యాపారి చూపు తరుగు మీదికి పోతుంది. మట్టి ఉందంటాడు, తేమ ఉందంటాడు, మూటకింత కోసేస్తాడు. రైతు గుటకలు మింగుతాడు. ఆ రైతు కొడుకే విశాఖ వైపు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో గంజాయి సంచి మోసుకొస్తూ దొరికాడనుకోండి. పూత, ఆకు, గింజ, కాడ అన్నీ కలిపి ఒకటే తూకం. అక్కడ తరుగు తీసే నాథుడుండడు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి శిక్షంతా కిలోల లెక్కే మరి. కిలో వరకైతే ఏడాది లోపు జైలు, లేదా 10,000 రూపాయల లోపు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, 20 ఏళ్ల దాకా పోవచ్చు. చట్టం గంజాయి అంటున్నది మొక్క పూతను. ఆకు, గింజ పూతతో కలిసి ఉంటేనే లెక్కలోకొస్తాయి. విడి ఆకుకు ఈ చట్టం వర్తించదు. కాడ ఊసైతే ఆ నిర్వచనంలోనే లేదు. మరి 22 కిలోల సంచిలో 3 కిలోలు కాడలే అయితే? ఆ మూడు కిలోల్లో ఒక మనిషి వయసు పదేళ్లు ఉంది.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) పని ఇక్కడే. అమెరికాలో ఆ పదవికి చాలాచోట్ల ఎన్నికలు జరుగుతాయి. ఫిలడెల్ఫియాలో లారీ క్రాస్నర్ గెలిచి, 2018లో గంజాయి దగ్గరుంచుకున్నంత మాత్రాన కేసు నడపనన్నాడు. మన పీపీ గారు అలా అంటే మర్నాటికి కుర్చీ ఉండదు. నేను అడిగేదీ అది కాదు. అమ్మకాలకు లైసెన్సులివ్వాలన్న వాదన నాకు రుచించదు, పైగా చట్టం మార్చాల్సింది పార్లమెంటు. 2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి కమిషన్ అత్యంత ప్రమాదకరమైన మత్తుమందుల జాబితా నుంచి గంజాయిని తీసేసినప్పుడు మన దేశం కూడా సరేనని ఓటేసింది. ఇంటికొచ్చాక మాత్రం ఒక్క సెక్షనూ కదల్లేదు.

కానీ ఎన్‌డీపీఎస్ చట్టంలోని 37వ సెక్షన్ పీపీ గారి చేతిలోనే ఉంది. 20 కిలోలు దాటిన కేసులో ఆయన అభ్యంతరం చెబితే, నిందితుడు నిర్దోషి అని నమ్మే ఆధారం కనిపిస్తే తప్ప జడ్జి బెయిలివ్వలేరు. 'బెయిలు ఇవ్వరాదు' అని రాసే ముందు పంచనామా ఒకసారి తిరగేసి, కాడలు వేరు చేసి తూచారా అని ఎస్సైని అడిగితే ఏం పోయింది? 2016 నాటి సుప్రీంకోర్టు మోహన్‌లాల్ తీర్పు చెప్పినట్టు శాంపిళ్లు మేజిస్ట్రేట్ ఎదుటే తీశారా అనీ అడగొచ్చు. పీపీ పోలీసుల వకీలు కాదు కదా.

ఇక పొట్లం దగ్గర పట్టుబడే కుర్రాళ్లు. అలవాటుపడి, కొద్ది మొత్తంతో దొరికినవాడు తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే అదే చట్టంలోని 64-ఏ సెక్షన్ కింద వాడిని ప్రాసిక్యూట్ చేయకూడదు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, అది వేరే సంగతి. నాయకుల మీది కేసులు ఎత్తేయడానికి పాత సీఆర్‌పీసీలోని 321, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 360 సెక్షన్ ఎలా వాడాలో పీపీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 64-ఏ ఉందన్న ముక్క కోర్టు వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న తల్లికి ఎవరు చెబుతారు? ఆమె పెట్టుకున్న వకీలు చెప్పకపోతే, పీపీ గారే చెప్పాలి.

— సీమవాసి