పతకము వెనుక పంతులు

ఏటేట ఫుట్‌బాలు పోటీలు ముగియగానే ఉత్తమ క్రీడాకారుడెవరు, ఉత్తమ శిక్షకుడెవరు అను చర్చ బయలుదేరును. ఫుట్‌బాలును వృత్తిగా ఆడు దేశములలో వార్షిక పురస్కారము లిచ్చుట ఆచారమైనది. మన దేశమున ఐ-లీగు పోటీలలో ఉత్తమ శిక్షకునకు నెలకొల్పిన పురస్కారమునకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పెట్టిరి. కర్నూలు, కడప జిల్లాల ఉపాధ్యాయులును విద్యార్థులును ఆ పేరును జ్ఞాపకముంచుకొనుట కొక హేతువు కలదు. రహీం హైదరాబాదున బడిపంతులు.

1950 మొదలు 1963లో క్యాన్సరుచే మరణించువరకు ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దెను. 1951లో ఢిల్లీ, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు స్వర్ణపతకము గెలుచుకొన్నది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. సికింద్రాబాదు వైపునుండి నిత్యము శిక్షణకు వచ్చుటకు చేతిలో డబ్బులేని తులసీదాస్ బలరామునకు సైకిలు అద్దె సొమ్ము రహీమే ఇచ్చెను. ఆ బలరాము 1962లో అర్జున పురస్కారమందెను.

మరి గురువున కేమి లభించెను? క్రీడాకారులకు అర్జున పురస్కారము 1961లో ఏర్పడినది. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము 1985లో వచ్చినది. శిష్యుని గుర్తించిన 24 ఏండ్లకుగాని దేశమునకు గురువు జ్ఞప్తికి రాలేదు. అప్పటికి రహీం గతించి 22 ఏండ్లు.

గెలిచిన శిష్యుడే గురువునకు బహుమతి, వేఱొకటి ఏల యని కొందరందురు. మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని పురస్కారము ఒక వ్యక్తిని సంతోషపెట్టుటకు మాత్రమే కాదు. ఏ పని గౌరవింపదగినదో సంఘమునకు తెలుపుటకును. శిక్షణకు గౌరవము లేనిచోట శిక్షకులెట్లు పుట్టుదురు?

రాయలసీమ రైతున కీ సంగతి చెప్పనక్కరలేదు. వేరుశనగ పూవు నేలపైన పూచును. కాయ మన్నులో ఊరును. పైకి కనబడు పూవును మాత్రమే చూచి పంట నెంచువాడు మోసపోవును.

కర్నూలు, కడప పల్లెబడులలో ఆటస్థలమనగా పలుచోట్ల ఎండకు బిగిసిన గట్టినేలయే. ఆ నేలపై సాయంకాలము పిల్లలను నిలిపి బంతి తన్న నేర్పు డ్రిల్లు మాస్టరు పేరు సభలలో వినబడుట అరుదు. బాలుడు జిల్లా జట్టున కెక్కినచో చప్పట్లన్నియు వానికే.

దీనిని దిద్దుటకు ప్రభుత్వపు ఉత్తరువు రావలసిన పనిలేదు. పాఠశాల వార్షికోత్సవమున బహుమతి నందుకొను బాలుని పేరుతోపాటు, బాలిక పేరుతోపాటు, వారికి తొలుత ఆట నేర్పిన ఉపాధ్యాయుని పేరును చదివిన చాలును. ఇందుకు కాని ఖర్చు లేదు. రహీం పేరును పురస్కారముపై నిలుపుటకు దేశము చాల ఆలస్యము చేసినది. ఊరిబడి అంత ఆలస్యము చేయనక్కరలేదు.